చిలకరింపా, మునకా? బాప్తిస్మం గురించి అసలు వాదన ఎక్కడుంది?

గుంటూరు వైపు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగిన ఒక అమ్మాయికి ఒంగోలులోని బాప్టిస్టు కుటుంబంలో సంబంధం కుదిరిందనుకుందాం. ఇరువైపులా నచ్చింది, ప్రధానం కూడా అయిపోయింది. పెళ్ళి తేదీ మాట్లాడుకోవడానికి వెళ్తే అబ్బాయి వాళ్ళ పాస్టరుగారు ఒక మాట అడుగుతారు: "అమ్మాయి బాప్తిస్మం తీసుకుందా అమ్మా?" "తీసుకుందండీ అయ్యగారూ, మూడో నెలలోనే ఇప్పించాం" అంటుంది తల్లి. "అది కాదమ్మా, నీళ్ళలో మునిగి తీసుకుందా అని." అక్కణ్ణుంచి రెండిళ్ళలోనూ టెన్షన్ మొదలవుతుంది. తన బిడ్డ అసలు క్రైస్తవురాలే కాదన్నారని ఆ తల్లి బాధ. వాక్యం ప్రకారమే అడిగానని ఆ పాస్టరుగారి నమ్మకం.

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఇలాంటి మాట ఎప్పుడో ఒకప్పుడు రాకుండా ఉండదు. దానికి తోడు యూట్యూబ్ ప్రసంగాల్లో ఒకరు చిలకరింపు చెల్లదంటారు, ఇంకొకరు రెండోసారి బాప్తిస్మం పాపమంటారు, మరొకరు యేసు నామంలో ఇవ్వకపోతే లెక్కలోకి రాదంటారు. మరోవైపు బాప్తిస్మం ఎస్సీ హోదా కేసుల్లో కోర్టుల దాకా వెళ్ళింది. పైకి చూస్తే ఇవన్నీ వేర్వేరు గొడవలు. ఎన్ని నీళ్ళు, ఏ వయసు, ఏ మాటలు అని వాదించుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఇన్నిటికీ వేరు మాత్రం ఒకటే ప్రశ్నలో ఉందని నాకనిపిస్తుంది. బాప్తిస్మంలో ముందడుగు ఎవరిది? దేవుడిదా, మనిషిదా? ఆ ఒక్క ప్రశ్నకు ఏ సంఘం ఏమంటుందో తెలిస్తే మిగతా జవాబులు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

ముందు మాటలు తేల్చుకుందాం

ఒక మనిషిని నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో క్రీస్తు సంఘంలోకి చేర్చే క్రియ బాప్తిస్మం. కథోలికులు జ్ఞానస్నానం అనేది కూడా దీన్నే. నీళ్ళు వాడే పద్ధతులు మూడు: తల మీద చిలకరించడం, తల మీద పోయడం, మనిషిని పూర్తిగా ముంచి లేపడం.

మారుమనస్సు అంటే చేసిన తప్పుకు ఏడవడం ఒక్కటే కాదు, బతుకు దారి మళ్ళించుకోవడం. తిరిగి జన్మించడం అంటే దేవుడు మనిషి లోపల ఇచ్చే కొత్త మొదలు. యేసు నీకొదేము అనే యూదుల అధికారితో రాత్రివేళ మాట్లాడిన మాట ఇది: "ఒకడు నీటిమూలముగాను ఆత్మమూలముగాను జన్మించితేనే గాని దేవుని రాజ్యములో ప్రవేశింపలేడు" (యోహాను 3:5). నూతనపరచబడటం దాని తర్వాతి సంగతి. అది ఆ మొదలు నుంచి బతికినంత కాలం సాగే మార్పు. "మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి" అని పౌలు రాసింది అప్పటికే బాప్తిస్మం పొందిన రోమా విశ్వాసులకు (రోమా 12:2).

ఇంకో రెండు మాటలున్నాయి. పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్ళు పెద్దయ్యాక తమ నోటితో తాము విశ్వాసాన్ని ఒప్పుకునే ఆరాధన నిర్ధారణ, అంటే కన్ఫర్మేషన్. ఇక పరిశుద్ధాత్మ బాప్తిస్మం విషయానికొస్తే, పెంతెకొస్తు సంఘాలు దాన్ని నీటి బాప్తిస్మానికి వేరైన అనుభవంగా చూస్తాయి. అన్యభాషల్లో, అంటే తాము నేర్చుకోని భాషల్లో, మాట్లాడటం దానికి గుర్తని వాటిలో చాలా సంఘాలు బోధిస్తాయి.

యొర్దాను నుంచి రోమా పత్రిక దాకా

నీళ్ళతో శుద్ధి చేసుకోవడం యూదులకు కొత్త కాదు. యోహాను యొర్దాను దగ్గర ఇచ్చింది మాత్రం "మారుమనస్సు విషయమైన బాప్తిస్మము" (మార్కు 1:4). జనం పాపాలు ఒప్పుకుంటూ నదిలోకి దిగారు. పాపం లేనివాడని క్రైస్తవులు నమ్మే యేసు కూడా అదే వరుసలో నిలబడ్డాడు. యోహానే వెనకాడితే యేసు ఒప్పించి మరీ తీసుకున్నాడు (మత్తయి 3:14, 15).

పునరుత్థానం తర్వాత దాని అర్థం మారింది. పెంతెకొస్తు దినాన పేతురు ప్రసంగం విని సుమారు 3,000 మంది బాప్తిస్మం పొందారు. పేతురు ఒకే వాక్యంలో మారుమనస్సు, బాప్తిస్మం, పాపక్షమాపణ, పరిశుద్ధాత్మ వరం నాలుగూ కలిపి చెప్పాడు (అపొస్తలుల కార్యములు 2:38). ఆ నాలుగూ ఎప్పుడూ అదే వరుసలో జరగాలా అంటే, అదే గ్రంథంలో మూడు రకాలుగా జరిగాయి. సమరయలో ముందు నీళ్ళు, తర్వాత ఆత్మ (8వ అధ్యాయం). కొర్నేలీ ఇంట్లో ముందు ఆత్మ, తర్వాత నీళ్ళు (10వ అధ్యాయం). ఎఫెసులో యోహాను బాప్తిస్మం మాత్రమే తెలిసిన పన్నెండుగురు యేసు నామంలో మళ్ళీ బాప్తిస్మం పొందారు, ఆ తర్వాత ఆత్మ వచ్చింది (19వ అధ్యాయం). నేటి సంఘాలు తమ క్రమానికి తలా ఒక అధ్యాయం చూపించగలగడానికి కారణం ఇదే. వాళ్ళలో ఎవరూ వాక్యాన్ని గాలికొదిలేసి మాట్లాడటం లేదు.

అర్థం దగ్గరికొస్తే బలమైన మాట పౌలుది. బాప్తిస్మం పొందినవాళ్ళు క్రీస్తు మరణంలోకి బాప్తిస్మం పొందారు, ఆయనతో పాతిపెట్టబడ్డారు, ఆయన లేచినట్టే కొత్త జీవితంలో నడవడానికి లేచారు (రోమా 6:3, 4). ఇక్కడ నీళ్ళు కడిగేవి మాత్రమే కావు, సమాధి కూడా. పౌలు ఇది రాసిన సందర్భం చూడండి. "కృప విస్తరించడానికి పాపంలోనే ఉండిపోదామా?" అన్న ప్రశ్నకు ఆయన "మీ బాప్తిస్మం గుర్తులేదా?" అన్నంత సూటిగా జవాబిస్తున్నాడు. ఎలా బతకాలన్న ప్రశ్నకు ఆయన బాప్తిస్మాన్ని ఆధారం చేసుకున్నాడు.

ఎన్ని నీళ్ళు కావాలి?

జనం ఎక్కువగా వాదించేది దీని గురించే. నాకు మాత్రం అన్నిటికన్నా తేలికగా తేలే ప్రశ్న ఇదే అనిపిస్తుంది. బాప్తిస్మానికి వాడిన గ్రీకు మాటకు మామూలు అర్థం ముంచడమేనని, పాతిపెట్టడం అన్న పోలిక మునిగితేనే కుదురుతుందని ముంచేవాళ్ళ వాదన. దాంట్లో బలముంది. అవతలివాళ్ళు ఆదిమ సంఘపు నియమావళి 'డిడాకే'ను చూపిస్తారు. అది మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో. పారే నీళ్ళలో ఇవ్వమని, అవి లేకపోతే వేరే నీళ్ళలో, చన్నీళ్ళు కుదరకపోతే గోరువెచ్చని నీళ్ళలో ఇవ్వమని, ఏవీ సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పోయమని అందులో ఉంది. అంటే మునకే మొదటి ఎంపిక, కానీ నీళ్ళు తక్కువైతే బాప్తిస్మం ఆగిపోలేదు. ఆర్థడాక్స్ సంఘాలు నేటికీ పసిబిడ్డలనే మూడుసార్లు ముంచుతాయి. కాబట్టి మునక అంటే పెద్దల బాప్తిస్మమని, చిలకరింపు అంటే పిల్లల బాప్తిస్మమని మన దగ్గర అనుకునే లెక్క అన్నిచోట్లా సరిపోదు.

పసిబిడ్డకా, నమ్మినవాళ్ళకా?

అసలు చీలిక ఇక్కడుంది. రెండు పక్షాల వాదననూ వాళ్ళ బలమైన చోటే వినాలి.

పిల్లలకు ఇచ్చే సంఘాలు, అంటే కథోలిక, ఆర్థడాక్స్, లూథరన్, సీఎస్ఐ, మెథడిస్టు సంఘాలు చెప్పేదిది: కృప అంటేనే మనం అడగకముందు దేవుడు ఇచ్చేది. ఏమీ చేయలేని పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మంలో ఆ సంగతి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో మరెక్కడా కనిపించదు. ఇశ్రాయేలీయుల పిల్లలకు ఎనిమిదో రోజున సున్నతి చేసి నిబంధనలోకి, అంటే దేవుడితో ఒడంబడికలోకి, చేర్చారు, కొలొస్సీ 2:11, 12లో పౌలు బాప్తిస్మాన్ని సున్నతి పక్కన పెట్టి మాట్లాడాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో లూదియ, ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివాళ్ళందరితో కలిసి బాప్తిస్మం పొందారు. ఆ ఇళ్ళలో పిల్లలు ఉండరా అని అడుగుతారు.

నమ్మినవాళ్ళకే ఇచ్చే సంఘాలు, అంటే బాప్టిస్టులు, బ్రదరెన్, మెన్నొనైట్లు, క్రీస్తు సంఘాలు, పెంతెకొస్తువాళ్ళు, భక్తసింగ్ గారి హెబ్రోను సహవాసాలు అనేది వేరు. కొత్త నిబంధనలో వివరంగా చెప్పిన ప్రతి బాప్తిస్మంలోనూ ముందు ఎవరో విన్నారు, నమ్మారు, ఆ తర్వాత నీళ్ళలోకి దిగారు. "ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి" అని ఐతియొపీయుడు తన నోటితోనే అడిగాడు. ఆ ఇళ్ళలో పిల్లలు ఉన్నారని వాక్యం చెప్పలేదు. చెరసాల నాయకుడి ఇంటివాళ్ళందరికీ పౌలు ముందు వాక్యం బోధించాడని మాత్రం ఉంది (అపొస్తలుల కార్యములు 16:32). తల్లి విశ్వాసం బిడ్డకు వారసత్వంగా రాదు, క్రైస్తవ ఇంట్లో పుట్టినంత మాత్రాన ఎవరూ క్రైస్తవులు కారని వాళ్ళ మాట. పేరుకు క్రైస్తవులుగా ఉండిపోయిన కుటుంబాలను చూసినవాళ్ళెవరూ ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేరు.

చరిత్ర ఎవరి వైపు? ఉత్తర ఆఫ్రికాలోని తెర్తుల్లియన్ సుమారు 200వ సంవత్సరంలో, పిల్లలకు తొందరపడి ఇవ్వవద్దు, వాళ్ళు నేర్చుకునేదాకా ఆగండి అని రాశాడు. అంటే అప్పటికే పిల్లలకు ఇస్తున్నారని తెలుస్తుంది, అది కొందరికి నచ్చలేదనీ తెలుస్తుంది. క్రైస్తవ తల్లి మోనికా పెంచిన అగస్టీను 387లో, 32 ఏళ్ళ వయసులో, మిలాన్‌లో బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత పసిపిల్లల బాప్తిస్మానికి గట్టి వేదాంత ఆధారం కట్టింది కూడా ఆయనే.

1525 జనవరి 21న జ్యూరిక్‌లో కొందరు ఒక ఇంట్లో కూడి, పసితనపు బాప్తిస్మం బాప్తిస్మమే కాదని తేల్చి, నమ్మినవాళ్ళుగా ఒకరి చేతుల మీదుగా ఒకరు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న ఊరి పాలకులు లిమ్మత్ నదిలో ముంచి చంపారు. నమ్మినవాళ్ళ బాప్తిస్మం ఇప్పుడు లోకమంతా మామూలైపోయింది కానీ, మొదట్లో దానికి ప్రాణాలే ఇచ్చుకోవాల్సి వచ్చింది. పిల్లలకు ఇచ్చే సంఘాలవాళ్ళు ఈ చరిత్ర తెలుసుకుంటే అవతలివాళ్ళ పట్టుదలను మొండితనం అనరు.

ఇప్పుడు ఆ గుంటూరు అమ్మాయి సంగతి. బాప్టిస్టు పాస్టరుగారి లెక్కలో ఆమె తీసుకోబోయేది రెండో బాప్తిస్మం కాదు, మొదటిదే. ఎందుకంటే నమ్మకుండా జరిగింది ఆయన దృష్టిలో బాప్తిస్మం కాదు. లూథరన్ పాస్టరుగారి లెక్కలో అది రెండోదే అవుతుంది. దేవుడు ఒకసారి ఇచ్చిన మాటను 'సరిపోలేదు' అన్నట్టవుతుంది. "ప్రభువు ఒక్కడే, విశ్వాస మొక్కటే, బాప్తిస్మ మొక్కటే" (ఎఫెసీ 4:5) అన్న వచనాన్ని ఇద్దరూ చూపిస్తారు, ఇద్దరూ మనస్ఫూర్తిగానే చూపిస్తారు. రెండుసార్లు ఇవ్వకూడదని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఒకటో సారి ఏదన్నదే తగాదా. కొన్ని బాప్టిస్టు సంఘాలు ఆమె నిర్ధారణను, వ్యక్తిగత సాక్ష్యాన్ని విని చేర్చుకుంటాయి, మరికొన్ని చేర్చుకోవు. ఆమె మనస్సాక్షి ఏమంటోందని రెండిళ్ళవాళ్ళూ ఆమెనే అడిగితే మంచిది. పెళ్ళి తేదీ కోసం తీసుకునే బాప్తిస్మాన్ని ఈ రెండు పక్షాల్లో ఏ వేదాంతమూ సమర్థించదు.

1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, పిల్లల బాప్తిస్మాన్నీ పెద్దల బాప్తిస్మాన్నీ రెంటినీ ఒప్పుకుంది. 1982లో పెరూలోని లీమాలో ప్రపంచ సంఘాల సమాఖ్య సిద్ధం చేసిన ఒప్పంద పత్రం కూడా ఇంచుమించు అదే దారి పట్టింది. బాప్తిస్మం దేవుడి వరమూ, ఆ వరానికి మనిషి ఇచ్చే జవాబూ రెండూ అని, దాన్ని మళ్ళీ చేయకూడదని చెప్పింది.

గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది

ముందడుగు ఎవరిదన్న ప్రశ్న తెలుగు నేల మీద అన్నిటికన్నా పదునుగా వచ్చింది 1878లో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866 నుంచి ఒంగోలులో పనిచేస్తున్నాడు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. 1876లో మొదలైన కరువు మద్రాసు ప్రెసిడెన్సీని అతలాకుతలం చేసింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కాలువ గట్టు మీద బోధకులు పనివాళ్ళతో మాట్లాడేవాళ్ళు. జనం బాప్తిస్మం అడగడం మొదలుపెట్టారు.

ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున, వంతులు మార్చుకుంటూ 2,222 మందికి మునక బాప్తిస్మం ఇచ్చారు.

ఆ సంఖ్య చూసి రెండు వైపుల నుంచీ ప్రశ్నలు వస్తాయి. ఒక్కొక్కరి వ్యక్తిగత విశ్వాసం ముఖ్యమనే బాప్టిస్టులు ఒకే రోజు అంతమందిని ఎలా పరీక్షించారని ఒకటి. ఊళ్ళకు ఊళ్ళు, కుటుంబాలకు కుటుంబాలు కలిసి తీసుకున్న నిర్ణయాన్ని 'వ్యక్తిగతం కాదు' అని తీసిపారేయవచ్చా అని రెండోది. పల్లె బోధకులు ఆ మనుషులను ముందే ఎరుగుదురు, నెలల తరబడి వాళ్ళ మధ్య తిరిగారు అన్నది మొదటిదానికి జవాబు. రెండోదానికి నా జవాబు ఏమిటంటే, మాలపల్లెల్లో మాదిగపల్లెల్లో నిర్ణయాలు ఎప్పుడూ కులపెద్దలు, కుటుంబాలు కూర్చుని తీసుకున్నవే. లూదియ ఇంటివాళ్ళ బాప్తిస్మం కూడా అలాంటిదే. విశ్వాసం ఒక్కొక్కరి గుండెలో పుట్టాలన్నది నిజమే. అది పక్కవాళ్ళతో కలిసి పుట్టకూడదని ఎక్కడా లేదు.

ఒంగోలు ప్రాంతంలో చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు చూస్తే, నూతన జీవితం అంటే అక్కడ ఏమని అర్థమో తెలుస్తుంది. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. జాతరల్లో డప్పు కొట్టబోమని వాళ్ళు అన్నందుకు ఊరివాళ్ళు కోపగించి పని, నీళ్ళు బందు చేసిన సందర్భాలున్నాయి. వాళ్ళకు బాప్తిస్మం ఒక గంట ఆరాధన కాదు, మర్నాటి నుంచి ఊళ్ళో ఎలా బతకాలన్న విషయం.

దోర్నకల్‌లో ఇంకో దృశ్యం. 1912 డిసెంబరు 29న తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేతులు వాళ్ళ తలల మీదే పెట్టించి ఒక మాట చెప్పించేవాడు: "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి. అయ్యో, నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ." రెండో వాక్యం పౌలుది (1 కొరింథీ 9:16). చదువురాని కూలిమనిషి కూడా తన తల మీద తన చెయ్యి పెట్టుకుని అపొస్తలుడి మాట తన మాటగా పలకడమంటే, గురువు ఒక్కడే పనివాడు కాదు, ఈరోజు నుంచి నువ్వూ పనివాడివే అని చెప్పినట్టు. అజరయ్య ఆంగ్లికన్, ఆయన సంఘం పసిబిడ్డలకూ బాప్తిస్మం ఇస్తుంది. అయినా బాప్తిస్మం పొందినవాడి బాధ్యతను ఆయన బాప్టిస్టులకు ఏమాత్రం తీసిపోకుండా నొక్కి చెప్పాడు.

ఎవరి చెయ్యి, ఏ మాటలు?

బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు తర్వాత దారితప్పితే ఆయన ఇచ్చినవి చెల్లుతాయా? ఇది పాత ప్రశ్న. మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్ సంఘం నుంచి చీలిపోయినవాళ్ళు ఇచ్చిన బాప్తిస్మాలు చెల్లవన్నాడు, రోము ఒప్పుకోలేదు. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో దొనాతువాదులనే పక్షం చీలిపోవడానికీ ఇలాంటి ప్రశ్నే మూలం. ఇచ్చేవాడు క్రీస్తే, పాస్టరు చెయ్యి సాధనం మాత్రమే, కాబట్టి చెల్లుతుంది అన్న అగస్టీను జవాబే చివరికి పశ్చిమ సంఘంలో నిలిచింది. అందుకే కథోలిక సంఘ చట్టం ప్రకారం ప్రాణం మీదికొచ్చిన సమయంలో ఎవరైనా, బాప్తిస్మం లేని నర్సు అయినా సరే, సరైన ఉద్దేశంతో, నీళ్ళతో, త్రిత్వ నామంలో, అంటే తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో, ఇవ్వవచ్చు.

మాటల విషయంలో మాత్రం అదే సంఘం చాలా కచ్చితం. "నేను నీకు బాప్తిస్మమిస్తున్నాను" అనే చోట "మేము" అంటే చెల్లదని 2020 ఆగస్టులో వాటికన్ స్పష్టం చేసింది. అది చదివి అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక యువ ఫాదర్ తన పసితనపు వీడియో గుర్తుచేసుకుని చూస్తే, అందులో డీకన్ "మేము" అనే అన్నాడు. అంటే ఆయనకు బాప్తిస్మం జరగలేదు, కాబట్టి గురుత్వమూ లేదు. బాప్తిస్మం నుంచి గురుపట్టాభిషేకం దాకా అన్నీ మళ్ళీ జరిపించుకున్నాడు. ఒక్క మాటకు ఇంత పట్టింపా అని చాలామంది అడిగారు. 'నేను' అన్నప్పుడు గురువు నోట పలికేది క్రీస్తని, 'మేము' అన్నప్పుడు అది కూడినవాళ్ళ పని అయిపోతుందని వాటికన్ వివరణ. ముందడుగు ఎవరిదన్న అదే ప్రశ్న ఇక్కడ ఒక సర్వనామంలో దూరింది.

మన దగ్గర ఎక్కువగా వినిపించేది యేసు నామ బాప్తిస్మపు వాదన. అపొస్తలుల కార్యములలో అందరూ యేసు నామంలోనే పొందారు కాబట్టి అలాగే ఇవ్వాలని 1910ల్లో అమెరికా పెంతెకొస్తు సంఘాల్లో మొదలైన ఒక పాయ అంటుంది. మిగతా సంఘాలు మత్తయి 28:19లో యేసే చెప్పిన "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి" అన్న మాటను పట్టుకుంటాయి. ఆ వాదన వెనుక త్రిత్వం మీద లోతైన భేదం ఉంది. నోటితో పలికే మాట దగ్గర అది పైకి కనిపిస్తుందంతే.

నీళ్ళు లేకుండా రక్షణ ఉందా?

బాప్తిస్మం పాపక్షమాపణ పొందే ఘడియ అని, అది లేకుండా రక్షణ పూర్తికాదని క్రీస్తు సంఘాలు అపొస్తలుల కార్యములు 2:38 ఆధారంగా బోధిస్తాయి. బాప్టిస్టులు, పెంతెకొస్తులు అది రక్షణకు కారణం కాదు, అప్పటికే పొందిన రక్షణకు విధేయతతో ఇచ్చే బహిరంగ సాక్ష్యం అంటారు. కథోలికులు బాప్తిస్మం అవసరమంటూనే, దాన్ని కోరుకుని పొందలేక చనిపోయినవాళ్ళను, క్రీస్తు కోసం ప్రాణమిచ్చినవాళ్ళను దేవుడు తోసివేయడంటారు. సిలువ మీద దొంగకు నీళ్ళు దొరకలేదు, పరదైసు దొరికింది.

బాపట్ల ప్రాంతంలో బాగా తెలిసిన సాల్వేషన్ ఆర్మీ 19వ శతాబ్దం చివర నుంచి నీటి బాప్తిస్మమే ఇవ్వదు. లోపలి మార్పు ముఖ్యం, గుర్తు దానికి బదులు కాకూడదన్నది వాళ్ళ మాట. ఆంధ్రలోనే మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు గత శతాబ్దంలో క్రీస్తును గురువుగా ప్రేమించి, పాడి, బోధించి, బాప్తిస్మం మాత్రం వద్దన్నాడు. క్రీస్తు దగ్గరికి రావడానికి మతం మారే కర్మకాండ అక్కర్లేదన్నాడు. ఆయన చుట్టూ పెద్ద ఉద్యమమే నడిచింది. సంఘాలు ఆయనతో ఏకీభవించలేదు. యేసు ఆజ్ఞాపించినదాన్ని, ఒకరి చేతుల్లో ఒకరం దేహంగా చేరే మార్గాన్ని, కర్మకాండ అని పక్కన పెట్టడం నాకూ సరికాదనిపిస్తుంది. కానీ నీళ్ళే సర్వస్వం అయిపోయిన చోట ఆయన ప్రశ్నకు పని ఉంది.

చట్టం చూసే బాప్తిస్మం

దళిత క్రైస్తవులకు ఇంకో బరువుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు అందులో లేరు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన కేసులో, బాప్తిస్మం పొంది చర్చికి వెళ్తూ రిజర్వేషన్ కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం కుదరదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కోర్టు చూసిన ఆధారాల్లో బాప్తిస్మపు నమోదు ఒకటి. మతం మారితే కుల వివక్ష పోతుందా అన్నది పెద్ద ప్రశ్న. దాన్ని పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటే: వేదాంతంలో కృపకు గుర్తయిన రిజిస్టరు పేజీ చట్టంలో హోదా తీసేసే ఆధారం అవుతోంది. ఏళ్ళ తరబడి ఆరాధనకు వస్తూ బాప్తిస్మం తీసుకోకుండా ఆగిపోయేవాళ్ళను విశ్వాసం చాలదని తీర్పు చెప్పేముందు సంఘాలు ఈ బరువును చూడాలి.

ఒక్కసారి జరిగేది, రోజూ జరగాల్సింది

బాప్తిస్మం పాపాలను కడుగుతుంది, అది ఒక్కసారే. మరి తర్వాత చేసిన పాపాల సంగతి? ఈ భయంతోనే నాలుగో శతాబ్దంలో చాలామంది చివరి రోజుల దాకా ఆగేవాళ్ళు. చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఏళ్ళ తరబడి సంఘాన్ని ఆదరించి, 337లో చావుబతుకుల్లో ఉన్నప్పుడు బాప్తిస్మం తీసుకున్నాడు. బాప్తిస్మాన్ని పాత బాకీల మాఫీగా మాత్రమే చూస్తే వచ్చే చిక్కు ఇది. రోమా 6 ప్రకారం అది మాఫీ మాత్రమే కాదు, కొత్త నడకకు మొదలు. నడవకుండా దాచుకున్న మొదలుకు అర్థం లేదు.

ఈ ముడిని లూథరు బాగా విప్పాడనిపిస్తుంది. 1529లో ఇళ్ళలో నేర్పడానికి రాసిన చిన్న బోధ పుస్తకంలో, నీటి బాప్తిస్మానికి అర్థమేమిటంటే మనలోని పాత ఆదాము రోజూ పశ్చాత్తాపంతో మునిగి చావాలి, రోజూ కొత్త మనిషి లేవాలి అన్నాడు. అంటే మారుమనస్సు బాప్తిస్మాన్ని దాటి వెళ్ళే రెండో మెట్టు కాదు, బాప్తిస్మానికే తిరిగి రావడం. పసిబిడ్డల బాప్తిస్మాన్ని గట్టిగా సమర్థించినవాడే రోజువారీ మార్పును ఇంత గట్టిగా అడిగాడు. నమ్మినవాళ్ళకే ఇచ్చే సంఘాల్లో పాస్టర్లు కూడా తొట్టిలోంచి లేచినవాళ్ళకు చెప్పేది, ఇది ముగింపు కాదు, మొదలని. పెంతెకొస్తువాళ్ళు ఆత్మతో నింపబడటం ఒక్కసారితో అయిపోదు, మళ్ళీ మళ్ళీ నింపబడాలంటారు. "మా ఆంతర్యపురుషుడు దినదినము నూతన పరచబడుచున్నాడు" (2 కొరింథీ 4:16) అన్న మాట అన్ని సంఘాల్లోనూ బోధిస్తారు.

దీనికి సంఘాలు ఏర్పాట్లు కూడా చేసుకున్నాయి. ఈస్టరు రాత్రి కథోలికులు వత్తులు పట్టుకుని సాతానును, వాడి పనులను విసర్జిస్తున్నామని మళ్ళీ పలుకుతారు, ఫాదర్ వాళ్ళ మీద నీళ్ళు చల్లుతారు. అది రెండో బాప్తిస్మం కాదు, మొదటిదాన్ని గుర్తుచేసుకోవడం. మెథడిస్టు వారసత్వం ఉన్న సంఘాల్లో కొత్త సంవత్సరం మొదట్లో దేవుడితో ఒడంబడికను మళ్ళీ చెప్పుకునే నిబంధన ఆరాధన ఉంటుంది. మిగతా చాలా సంఘాల్లో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు, ముందు తమను తాము పరీక్షించుకోమని అడుగుతారు.

ఇక మన దగ్గర పాస్టర్లను తరచూ అడిగే ప్రశ్న: "అయ్యగారూ, పదహారేళ్ళకు నమ్మే తీసుకున్నాను, తర్వాత తాగుడులో పడి పదేళ్ళు పాడైపోయాను, ఇప్పుడు మళ్ళీ తీసుకోవాలా?" చిలకరించేవాళ్ళు, ముంచేవాళ్ళు ఇంచుమించు అందరూ ఒకే జవాబిచ్చేది దీనికే: అక్కర్లేదు. వాక్యంలో దానికి దగ్గరి ఉదాహరణ సమరయలోని గారడీ సీమోను. నమ్మాడు, బాప్తిస్మం పొందాడు, తర్వాత అపొస్తలుల శక్తిని డబ్బిచ్చి కొనబోయాడు. "నీ హృదయము దేవునియెదుట సరియైనది కాదు" అని పేతురు మొహం మీదే అన్నాడు. అంత అన్నవాడు మళ్ళీ నీళ్ళలోకి దిగమనలేదు. "మారుమనస్సునొంది ప్రభువును వేడుకొనుము" అన్నాడు. సీమోను తన కోసం ప్రార్థించమని అపొస్తలులను బతిమాలాడు (అపొస్తలుల కార్యములు 8:21-24). ఇప్పటికీ చాలా సంఘాలు పాటించే క్రమం దానికి దగ్గరగానే ఉంటుంది. తప్పు ఒప్పుకుంటారు, పాస్టరు, పెద్దలు కూర్చుని ప్రార్థిస్తారు, కొంతకాలం చూసి ప్రభువు బల్లలో మళ్ళీ పాలుపంచుకోనిస్తారు.